తరగతి గదిలో బ్లాకుల ఆట

చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఘనాలు, ఇటుకలు, స్తంభాలు, త్రికోణపు ముక్కలు, కమానులు నేలమీద పేర్చి పిల్లలు తమకు తోచిన కట్టడాలు కట్టుకునే ఆట బ్లాకుల ఆట. ఇళ్లలో ఇది కాలక్షేపం. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలుండే పూర్వ ప్రాథమిక తరగతుల్లో మాత్రం 19వ శతాబ్దం మధ్య నుంచీ ఇది బోధన సామగ్రిలో భాగం. ఈ ఆటకు గెలుపోటములు లేవు, ముందే రాసిపెట్టిన జవాబూ లేదు. అలాగని ఎలా పడితే అలా కట్టేయడం కుదరదు. దూలం పొడవు చాలకపోతే కిందపడుతుంది, అడుగు వంకరగా ఉంటే గోడ ఒరుగుతుంది. పలక మీద అక్షరం తప్పు రాస్తే ఎవరో ఒకరు దిద్దాలి. బ్లాకు తప్పు పెడితే దాని బరువే దిద్దుతుంది. చదువులో ఈ ఆటకున్న విలువ చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. మిగిలినది ముక్కల కొలతల్లో దాగిన లెక్క వల్ల, దగ్గర కూర్చుని చూసే టీచరు వల్ల వస్తుంది.

ఫ్రోబెల్ కానుకలు

చదువు చెప్పడానికి చెక్కముక్కలు వాడవచ్చన్న ఆలోచన ఐరోపాలో పాతదే. ఇంగ్లండ్ తత్త్వవేత్త జాన్ లాక్ 1693లో ప్రచురించిన విద్యా గ్రంథంలో, అక్షరాలు అంటించిన పాచికలతో ఆడిస్తూ పిల్లలకు చదవడం నేర్పవచ్చని సూచించాడు. అయితే అక్కడ ముక్క అక్షరాన్ని మోసే వాహనం మాత్రమే. ముక్కనే పాఠంగా చేసినవాడు జర్మనీలోని థురింగియా ప్రాంతానికి చెందిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ (1782–1852).

ఫ్రోబెల్ స్విట్జర్లండ్‌లో విద్యావేత్త పెస్టలోట్సీ బడిలో పనిచేశాడు. ఆ తర్వాత బెర్లిన్‌లో స్ఫటిక శాస్త్రవేత్త క్రిస్టియాన్ వైస్ దగ్గర ఖనిజాల సంగ్రహశాలలో సహాయకుడిగా ఉన్నాడు. స్ఫటికాలను రోజూ పట్టి చూసిన చేతులతోనే ఆయన తర్వాత పిల్లల ఆటవస్తువులు తయారుచేశాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు. అక్కడ వాడిన ఆటవస్తువులను ఆయన ‘కానుకలు’ అన్నాడు. మొదటి కానుక ఆరు మెత్తని బంతులు. రెండోది గోళం, స్తూపం, ఘనం. మూడో కానుక నుంచి కట్టడం మొదలవుతుంది: రెండు అంగుళాల ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా కోసి, ఒక పెట్టెలో అమర్చి ఇస్తారు. నాలుగో కానుకలో అదే ఘనం ఎనిమిది పలుచని ఇటుకలవుతుంది. అయిదో కానుకలో పెద్ద ఘనాన్ని 27 ఘనాలుగా కోసి, వాటిలో మూడింటిని సగాలుగా, మరో మూడింటిని పావులుగా కర్ణం వెంట చీలుస్తారు. ఆరో కానుక ఇటుకలు, చదరపు పలకలు, సన్నని స్తంభాల కలగలుపు.

వీటితో ఆటకు ఒక పద్ధతి ఉండేది. పెట్టెలోని ముక్కలన్నీ వాడాలి. ఒక ఆకారాన్ని పడగొట్టి మరొకటి మొదలుపెట్టకుండా, ఉన్నదాన్నే కొద్దికొద్దిగా జరుపుతూ కొత్తదిగా మార్చాలి. కుర్చీ, మంచం, మెట్లు వంటి నిత్యజీవితపు రూపాలు కొన్ని. ముగ్గులా నాలుగు వైపులా సమంగా విచ్చుకునే అందమైన రూపాలు కొన్ని. సగం, పావు, ఎనిమిదో వంతు తెలిపే లెక్క రూపాలు కొన్ని. ఆట ముగిశాక ముక్కలు మళ్లీ ఒకే ఘనమై పెట్టెలోకి వెళ్లాలి. మొత్తానికీ భాగానికీ ఉన్న సంబంధం పిల్లల చేతికి తెలియాలన్నది ఫ్రోబెల్ ఉద్దేశం.

ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాతల్లోని భావాలను ఈయనకు అంటగట్టడం అందుకు ఒక కారణం. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం 1860లో ఎత్తివేశారు. ఈలోగా జర్మనీ వదిలి వెళ్లినవారితో పాటు కిండర్‌గార్టెన్ కూడా దేశాలు దాటింది. అమెరికాలో 1856లో మార్గరెథె షుర్జ్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో జర్మన్ భాషలో ఒకటి నడిపింది. 1860లో ఎలిజబెత్ పీబడీ బోస్టన్‌లో ఇంగ్లిషులో మొదలుపెట్టింది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఫ్రోబెల్ కానుకలు చూసిన ఒక తల్లి వాటిని కొడుక్కి తెచ్చి ఇచ్చింది. ఆ కొడుకు తర్వాతి కాలపు వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ నున్నని మేపుల్ ముక్కల స్పర్శ తన చేతివేళ్లను వదలలేదని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఒక మేధావి జ్ఞాపకం బోధన పద్ధతికి రుజువు కాదు గానీ, చేతికి తెలిసినది ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఇది మంచి సాక్ష్యం.

బల్ల మీంచి నేల మీదికి

ఫ్రోబెల్ తర్వాత వచ్చిన అనుచరుల చేతుల్లో కానుకలు బిగుసుకుపోయాయి. గళ్లు గీసిన బల్లల ముందు పిల్లలు వరసగా కూర్చోవాలి, టీచరు చెప్పిన ముక్కను చెప్పిన గడిలో పెట్టాలి. ఆట పేరుతో కవాతు నడిచింది. 1890లలో మనస్తత్వవేత్త జి. స్టాన్లీ హాల్ దీన్ని గట్టిగా విమర్శించాడు. అంత చిన్న ముక్కలు పసివేళ్లకూ కళ్లకూ శ్రమ తప్ప ఒంటికి పని చెప్పవని ఆయన వాదన. ఆ మాటలకు చాలామంది కిండర్‌గార్టెన్ టీచర్లు నొచ్చుకున్నారు. విని ఆలోచించిన కొద్దిమందిలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌కు చెందిన పాటీ స్మిత్ హిల్ (1868–1946) ఒకరు. తర్వాత కొలంబియా టీచర్స్ కాలేజీలో పనిచేసిన ఆమె, పిల్లలు లోపలికి వెళ్లి కూర్చోగలిగేంత ఇల్లు కట్టుకునే పెద్ద బ్లాకులు రూపొందించింది. వాటితో ఒక్కరు కట్టలేరు. దూలం ఎత్తాలంటే ఇద్దరు పట్టాలి. బ్లాకుల ఆట జట్టు పనిగా మారింది అక్కడే.

ఈనాటి తరగతుల్లో ఎక్కువగా కనిపించే యూనిట్ బ్లాకులను రూపొందించింది కారొలిన్ ప్రాట్ (1867–1954). ఆమె వడ్రంగం నేర్చిన టీచరు. టీచర్స్ కాలేజీలో హిల్ బ్లాకులతో పిల్లలు ఆడుకోవడం చూసింది. ఒక స్నేహితురాలి కొడుకు తన గదిలో నేలంతా రైలు పట్టాలు పరచుకుని ఊరు కట్టుకోవడం కూడా చూసింది. తాము చూసిన లోకాన్ని మళ్లీ కట్టుకుంటూ పిల్లలు దాన్ని అర్థం చేసుకుంటారన్నది ఆమె నమ్మకం. 1914లో న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో కార్మిక కుటుంబాల పిల్లల కోసం చిన్న బడి తెరిచింది. అదే తర్వాత సిటీ అండ్ కంట్రీ స్కూలు అయింది. అక్కడి పిల్లలు నౌకాశ్రయం చూసి వచ్చి రేవు కట్టేవారు, వంతెనలు చూసి వచ్చి వంతెనలు కట్టేవారు. తన బ్లాకులకు ఆమె పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అవి ఖండాలు దాటి వ్యాపించడానికి ఇదొక పెద్ద కారణం.

అదే కాలంలో రోమ్‌లో మరియా మాంటిస్సోరి మరో దారి పట్టింది. 1907లో శాన్ లొరెంజో పేటలో ఆమె ప్రారంభించిన పిల్లల ఇంటిలో గులాబీ గోపురం ఉండేది: ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది ఘనాలు. వాటిని పెద్దది నుంచి చిన్నదిగా పేర్చాలి. తప్పు ఎక్కడో కంటికే కనిపిస్తుంది. పరిమాణాన్ని పోల్చి చూసే చూపును అది చక్కగా పదును పెడుతుంది. కానీ దానికి సరైన రూపం ఒక్కటే. యూనిట్ బ్లాకులకు అలాంటి రూపమేదీ లేదు. ఈ రెండింటినీ ఒకే అరలో పెట్టి ఒకే పేరుతో పిలవడం చాలా బడుల్లో జరిగే పొరపాటు.

యూనిట్ బ్లాకుల లెక్క

యూనిట్ బ్లాకు పొడవు అయిదున్నర అంగుళాలు, వెడల్పు అందులో సగం, మందం వెడల్పులో సగం. మెట్రిక్ కొలతల్లో దాదాపు 14, 7, 3.5 సెంటీమీటర్లు. పెట్టెలోని ముక్కలు చాలావరకు దీని నుంచే పుడతాయి. పొడవు రెట్టింపయితే డబుల్, నాలుగింతలైతే 56 సెంటీమీటర్ల పొడవాటి ముక్క, సగమైతే చదరం. చదరాన్ని కర్ణం వెంట కోస్తే రెండు త్రికోణాలు. యూనిట్‌ను నిలువునా చీలిస్తే రెండు స్తంభాలు. కమానులు, వంపు ముక్కలు కూడా ఈ కొలతకు తగ్గట్టే ఉంటాయి. మేపుల్ వంటి గట్టి చెక్కతో, అంచులు కొద్దిగా గుండ్రం చేసి, రంగు వేయకుండా చేస్తారు. రంగు లేకపోవడం పిసినారితనం కాదు. రంగులుంటే పిల్లలు రంగును బట్టి ఏరుకుంటారు, ఆకారం వెనక్కిపోతుంది. చెక్కరంగు ముక్క ఇవాళ గోడ, రేపు ఆవు, ఎల్లుండి ఫోను.

ఈ కొలతల ఫలితం ఆటలోనే చూడాలి. రోడ్డు వేస్తున్న నాలుగేళ్ల పిల్లవాడు ముందుగా పొడవాటి ముక్కలు వాడేస్తాడు. ఏ పెట్టెలోనైనా అవి కొన్నే ఉంటాయి. రోడ్డుకు రెండో వరస మొదలుపెట్టేసరికి అయిపోతాయి. అప్పుడు రెండు డబుల్ ముక్కలు తెచ్చి చివరికి చివర కలిపి పెడతాడు. మొదటి వరసతో సమంగా వచ్చిందో లేదోనని తల వంచి నేల బారున చూస్తాడు. డబుల్ ముక్కలు కూడా అయిపోతే నాలుగు యూనిట్లు. ఒకటి రెండుకు, రెండు నాలుగుకు సమానమన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, దానికి అంకెలు కూడా అతను రాయలేడు. అయినా భిన్నాల పాఠం వచ్చే నాటికి చేతిలో సిద్ధంగా ఉండే అనుభవం ఇదే.

కట్టడంలో దశలు

పిల్లలు బ్లాకులతో కట్టే తీరులో ఒక క్రమం ఉందని మొదట వివరంగా రాసినది హారియెట్ జాన్సన్. లూసీ స్ప్రేగ్ మిచెల్ తదితరులు 1916లో న్యూయార్క్‌లో స్థాపించిన విద్యా ప్రయోగాల సంస్థలో 1919 నుంచి ఆమె నర్సరీ నడిపింది. ఆ సంస్థే తర్వాత బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ అయింది. రోజుల తరబడి పిల్లల కట్టడాలను గమనించి, బొమ్మలతో సహా నమోదు చేసి 1933లో ఆమె ప్రచురించిన చిన్న పుస్తకం ఇప్పటికీ ఈ విషయానికి మూలం.

మొదట్లో పిల్లలు కట్టరు, మోస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో బ్లాకు అంటే చంకలో పెట్టుకుని తిరిగే వస్తువు, బుట్టలో వేసి తీసే వస్తువు, బరువూ చప్పుడూ తెలిపే వస్తువు. తర్వాత ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చడం, ఒకదానిపై ఒకటి దొంతరగా ఎత్తడం వస్తుంది. ఒకే పని పదేపదే చేయడం ఈ దశ లక్షణం. చూసేవారికి విసుగు పుట్టవచ్చు గానీ ఆ పునరావృత్తిలోనే బరువు, అంచు, నిలకడ వంటివి చేతికి పడతాయి.

ఆ తర్వాత వచ్చేది వంతెన. రెండు ముక్కలు ఎడంగా నిలబెట్టి, పైన మూడోది అడ్డంగా వేయడం. ఇది సాధారణంగా మూడేళ్ల ప్రాంతంలో కనిపిస్తుంది. పెద్దల కంటికి చిన్న విషయం. పిల్లకు అది నిజమైన చిక్కు. రెండు స్తంభాలు దూరంగా నిలబెట్టిన మూడేళ్ల పాప పైన దూలం వేయబోతుంది, అది మధ్యలోంచి జారి పడుతుంది. మళ్లీ అదే ముక్క, అదే చోటు, మళ్లీ పడుతుంది. మూడోసారి ముక్కను తిప్పి చూస్తుంది. కాసేపు ఊరుకుని, ఒక స్తంభాన్ని రెండో దాని వైపు జరుపుతుంది, మరీ దగ్గరికి. దూలం నిలుస్తుంది, అయితే కింద బొమ్మకారు పట్టదు. ఖాళీ చోటుకు కూడా కొలత ఉంటుందని, దాన్ని ముందుగా ఊహించాలని ఆ పాపకు తెలిసేది ఇలాంటి పది నిమిషాల్లోనే. ఈ సమయంలో పెద్దవాళ్లు చెయ్యి చాచి దూలం సరిచేస్తే ఆ పది నిమిషాలూ వృథా.

వంతెనతో పాటే, ఒక్కోసారి కాస్త ముందే, ఆవరణ కట్టడం వస్తుంది: నాలుగు ముక్కలతో చోటును చుట్టేయడం. మూలలు కలపడం, లోపల వెలుపల అన్న తేడా అందులో ఉన్నాయి. ఇక్కడి నుంచి కట్టడాలకు అందం వస్తుంది. ఎడమవైపు త్రికోణం పెడితే కుడివైపూ త్రికోణం. టీచరు చెప్పకపోయినా పిల్లలు సౌష్ఠవాన్ని ఇష్టపడటం ఈ ఆటలో ముచ్చటైన సంగతుల్లో ఒకటి. నాలుగేళ్లు దాటాక కట్టడానికి పేరు పెడతారు. మొదట కట్టాక పేరు తడుతుంది, తర్వాత్తర్వాత పేరు ముందు వచ్చి దానికి తగ్గట్టు కట్టడం జరుగుతుంది. చివరి దశలో తమకు తెలిసిన నిజమైన చోట్లు కట్టి, వాటిలో నాటకం ఆడతారు. బస్టాండు కడితే టికెట్లు కొట్టేవారు కావాలి, ఆసుపత్రి కడితే చీటీ రాసేవారు కావాలి.

ఈ వయసులు కొండగుర్తులు మాత్రమే. అయిదేళ్ల వయసులో మొదటిసారి బ్లాకులు చూసిన పిల్ల కూడా ముందు మోసి, దొంతర పెట్టి, ఆ పైనే వంతెనకు వస్తుంది. కాకపోతే నెలలు పట్టే దారి కొద్ది రోజుల్లో నడిచేస్తుంది.

ఏం నేర్చుకుంటారు

లెక్కలూ భౌతిక శాస్త్రపు తొలి అనుభవాలూ పైన వచ్చాయి. మాట విషయంలో బ్లాకుల ఆట చేసే మేలు తక్కువ గుర్తింపు పొందింది. మీద, కింద, పక్కన, ఎదురుగా, అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, అంచు, మూల, సందు, సగం, జత వంటి మాటలు బొమ్మల పుస్తకం ముందు అరుదుగా వస్తాయి. బ్లాకుల దగ్గర అవి లేకుండా పని జరగదు. “అది కాదు, పొడుగుది ఇవ్వు”, “అడ్డంగా పెట్టకు, నిలబెట్టు” అని పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పింది ఎదుటివారికి అర్థమయిందో లేదో వెంటనే తేలిపోతుంది. ఇంట్లో గోండి, కోయ, సవర వంటి భాషలు మాట్లాడి తెలుగు బడికి వచ్చే పిల్లలకు, తెలుగు మాట్లాడి ఇంగ్లిషు మీడియం నర్సరీకి వెళ్లే పిల్లలకు కూడా ఈ మూల దన్నుగా ఉంటుంది. కొత్త మాట వచ్చేలోపు చేత్తో చూపించి పని కానివ్వవచ్చు, చేస్తున్న పనే మాటకు అర్థం చెబుతుంది.

చోటును పంచుకోవడం, ఒకే ముక్క కోసం ఇద్దరు పట్టుపట్టినప్పుడు ఏదో ఒకటి తేల్చుకోవడం, మరొకరి కట్టడం పక్క నుంచి జాగ్రత్తగా నడవడం కూడా ఇక్కడే అలవడతాయి. కష్టపడి ఎత్తిన గోపురం కూలినప్పుడు కలిగే దుఃఖం పిల్లలకు చిన్నది కాదు. దాన్ని తట్టుకుని మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టడం కూడా పెద్ద పాఠమే.

పరిశోధనలు చెప్పేది

బ్లాకుల ఆట మీద పరిశోధన చాలానే ఉంది. కానీ దాన్ని అమ్మకానికి పనికొచ్చేలా పెంచి చెప్పడం కూడా అంతే ఎక్కువ. ఎక్కువగా ఉదాహరించేది చార్లెస్ వుల్ఫ్‌గాంగ్, అతని సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనం. 1982లో నర్సరీలో ఉన్న 37 మంది పిల్లల బ్లాకు కట్టడాలను అంచనా వేసి, వారి తర్వాతి చదువును గమనించారు. 3, 5 తరగతుల్లో బ్లాకుల నేర్పుకూ లెక్కల మార్కులకూ సంబంధం కనబడలేదు. 7వ తరగతిలో, హైస్కూల్లో కనబడింది. అంకగణితం దాటి అమూర్తమైన గణితం మొదలయ్యాకే ఆ పునాది బయటపడిందని వారి వివరణ. ఆసక్తికరమైన వివరణే. అయితే 37 మంది చిన్న సంఖ్య, పైగా సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని చెప్పలేం.

2007లో అమెరికాలో డిమిత్రి క్రిస్టాకిస్ బృందం ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వయసున్న 175 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపు ఇళ్లకు బ్లాకులు, ఆడించే సూచనలు పంపింది. ఆ గుంపు పిల్లలకు భాషలో మెరుగైన స్కోర్లు వచ్చాయి. ఏకాగ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ అధ్యయనానికి డబ్బు ఒక బ్లాకుల కంపెనీ నుంచి వచ్చిందన్నది కూడా చదివేవారు గుర్తుంచుకోవాలి. 2014లో బ్రయాన్ వెర్డైన్, అతని సహచరులు మూడేళ్ల పిల్లల మీద చేసిన పనిలో, చూపిన నమూనాను బ్లాకులతో సరిగ్గా కట్టగలిగిన పిల్లలకు తొలి లెక్కల నేర్పు కూడా ఎక్కువగా ఉందని తేలింది. పేద కుటుంబాల పిల్లలు ఆ వయసుకే వెనకబడి ఉన్నారనీ తేలింది. 2018లో సారా ష్మిట్ బృందం ఏడు వారాల పాటు నడిపిన యాదృచ్ఛిక ప్రయోగంలో లెక్కల్లోనూ ఆలోచనను అదుపులో పెట్టుకునే శక్తిలోనూ కొంత మేలు కనిపించింది. ఫలితాలు బలమైనవని అనడానికి లేదు.

టీచరు పాత్రకు నేరుగా పనికొచ్చేది 2011లో కత్రీనా ఫెరారా, ఆమె సహచరులు చేసిన అధ్యయనం. పిల్లలూ తల్లిదండ్రులూ ఇష్టం వచ్చినట్టు ఆడుకున్నప్పటి కంటే, ఒక లక్ష్యం పెట్టుకుని కలిసి కట్టినప్పుడు చోటుకు సంబంధించిన మాటలు ఎక్కువగా దొర్లాయి. చోటును ఊహించే శక్తి పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోయేది కాదని, సాధనతో పెరుగుతుందని 217 అధ్యయనాలను కలిపి చూసిన డేవిడ్ ఉట్టాల్ బృందం 2013లో చెప్పింది. వీటన్నిటినీ బట్టి న్యాయంగా తేల్చగలిగేది ఒకటి: బ్లాకులు మంచి సాధనం, పక్కన మాట్లాడే మనిషి ఉంటే ఇంకా మంచి సాధనం. బ్లాకుల పెట్టె కొంటే ఇంజనీరు తయారవుతాడన్నది పెట్టె మీది ప్రకటన.

గది, సమయం, టీచరు

ఈ ఆటకు కావలసిన మొదటి వస్తువు చోటు. నడిచే దారికి పక్కగా, మూడు వైపులా మూసి ఉన్న మూల మేలు. నేల చదునుగా ఉండాలి. మెత్తటి తివాచీ మీద ఏ గోపురమూ నిలవదు. ముక్కలు కూడా చాలినన్ని కావాలి. నలుగురైదుగురు కలిసి కట్టాలంటే వంద ముక్కలైనా లేకపోతే ఆట కొట్లాటగా మారుతుంది. పది పది ముక్కలు పంచిపెట్టి కట్టమంటే పిల్లలు దొంతర దాటి పోలేరు. తర్వాతిది సమయం. ఆలోచన కుదిరి, కట్టడం లేచి, నాటకం మొదలవడానికి ముప్పావుగంట పడుతుంది. ఇరవై నిమిషాలకే గంట కొట్టే బడుల్లో పిల్లలు రోజూ పునాదులే వేస్తారు. వీలైతే కట్టడాన్ని మర్నాటి దాకా కదపకుండా ఉంచాలి. నిన్నటి ఇంటికి ఇవాళ ప్రహరీ కట్టుకోగలిగితే ఆ పిల్లలకు ప్రణాళిక అంటే ఏమిటో తెలిసినట్టే.

సర్దడం కూడా ఆటలో భాగమే. బుట్టలో గుమ్మరించకుండా, తక్కువ ఎత్తు అల్మరాల్లో ఆకారాన్ని బట్టి పెట్టాలి. ప్రతి అర అంచున ఆ ముక్క ఆకారం గీసి అంటిస్తే మూడేళ్ల పిల్లలు కూడా సరిగ్గా సర్దుతారు.

టీచరు చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం చూడటం. “బాగుంది” అనడం తేలిక, దాని వల్ల పిల్లకు కొత్తగా ఏదీ తెలియదు. “ఈ గోడ రెండు వైపులా ఒకే ఎత్తులో ఉందే, ఎలా చేశావు?” అంటే పిల్ల తన పనిని తిరిగి చూసుకుంటుంది. “ఈ బస్సు లోపలికి రావాలంటే ఎలా?” అని అడిగితే కొత్త చిక్కు ముందుకు వస్తుంది. చిన్న బొమ్మలు, తాళ్లు, గుడ్డముక్కలు, కాగితం, పెన్సిలు దగ్గర ఉంచితే కట్టడాలకు పేరుపలకలు, పటాలు పుట్టుకొస్తాయి. కట్టినదాని ఫొటోనో చేత్తో గీసిన బొమ్మనో, తేదీతో, పిల్ల చెప్పిన మాటలతో దాచిపెడితే ఏడాది చివర ఆ పిల్ల ఎదుగుదల పరీక్ష పేపరు కంటే స్పష్టంగా కనిపిస్తుంది.

చాలా తరగతుల్లో బ్లాకుల మూలను మగపిల్లలు ఆక్రమిస్తారు. ఆడపిల్లలు ఇష్టం లేక కాదు, చోటు దొరక్క వంటసామాను వైపు వెళ్లిపోతారు. బొమ్మరింటి మూలనూ బ్లాకుల మూలనూ పక్కపక్కన పెట్టడం, టీచరు తానే అక్కడ కూర్చోవడం, కొంతకాలం వంతులు పెట్టడం వంటి చర్యలతో ఇది మారుతుంది. చూపు లేని పిల్లలు వేళ్లతోనే ఆకారాలు పోల్చి కట్టగలరు. నేల మీద కూర్చోలేని పిల్లలకు అంచు కట్టిన బల్ల చాలు.

ఒకదానికొకటి బిగుసుకునే ప్లాస్టిక్ ముక్కలు వేరే తరహా. లెగో కంపెనీ ఇప్పటి రూపంలోని ముక్కకు 1958లో పేటెంటు కోరింది. పసిపిల్లల కోసం రెట్టింపు కొలతల డ్యూప్లో 1969లో వచ్చింది. చేతివేళ్ల నేర్పుకూ నమూనా చూసి కట్టడానికీ అవి మంచివి. కానీ బిగుసుకున్న గోడ ఒరిగినా పడదు. నిలకడ కోసం వెతుక్కునే పని అక్కడ తగ్గిపోతుంది. చిన్న తరగతుల్లో ముందు విడి చెక్కముక్కలే ఉండటం మేలు.

భారతదేశంలో

భారతదేశంలో పిల్లల సామగ్రి గురించిన ఆలోచనకు విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో ప్రారంభించిన బాలమందిరం ఒక మైలురాయి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మాంటిస్సోరి యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండి వందల మంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అందుకే ఇక్కడి మంచి నర్సరీల్లో గులాబీ గోపురం కనిపించినంతగా యూనిట్ బ్లాకులు కనిపించవు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు వచ్చాయి. బడికి ముందటి చదువు వాటి ఆరు సేవల్లో ఒకటి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. ఆ దశ కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు కేంద్రంగా చేసింది. అదే దశ కోసం 2023లో విడుదలైన జాదూయీ పిటారా పెట్టెలో ఆటవస్తువులు, పజిళ్లు, కార్డులు ఉన్నాయి. కాగితం మీద దారి సుగమమే. నేల మీద చాలా అంగన్‌వాడీలకు ఉన్నది ఒక్క గది, వంటా నిల్వా కూడా అందులోనే. ఉదయం రిజిస్టర్లు, గుడ్లు, పాలు, బరువుల లెక్కలు. అలాంటి చోట టీచరు బ్లాకుల దగ్గర కూర్చోవాలంటే ముందు ఆమె మీది పని తగ్గాలి.

తెలుగు పిల్లలకు కట్టడం కొత్త ఆట కాదు. తడి ఇసుకను పాదం మీద మెత్తి కాలు వెనక్కి లాగి కట్టే పిచ్చుక గూళ్లు, పుల్లలతో రాళ్లతో కట్టుకునే బొమ్మరిల్లు తరతరాలుగా ఉన్నాయి. ఏడు పెంకులాటలో పెంకులు దొంతర పెట్టడం నిలకడకు మంచి పరీక్ష. వీటికి లేనిది ఒక్కటే, ముక్కల మధ్య స్థిరమైన కొలత. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, చెట్ల నుంచి తీసిన రంగులతో లక్క పూసి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిప్పి చేసే పని కాబట్టి వాటిలో గుండ్రని రూపాలే ఎక్కువ. దొంతర పెట్టే ఉంగరాలు, గోళాలు, స్తూపాలకు అవి చక్కగా సరిపోతాయి. నలుచదరపు ముక్కలు మాత్రం చిత్రిక పట్టే వడ్రంగి పని. ఊరి వడ్రంగికి 14, 7, 3.5 సెంటీమీటర్ల కొలత ఇచ్చి, సగాలు, రెట్టింపులు కూడా కచ్చితంగా కోయమని చెప్పి, గరుకు కాగితంతో నున్నగా తోమిస్తే ఏ బడికైనా పెట్టె తయారవుతుంది. కోత రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే దొంతర నిలవదు, రెండు సగాలు ఒక యూనిట్‌కు సమానం కావు. దుకాణంలో మిగిలిన అడ్డదిడ్డపు ముక్కలు ఆటకు అదనంగా బాగుంటాయి గానీ కొలత ఉన్న ముక్కలకు బదులు కావు. ఖర్చే లేని మార్గం ఖాళీ అగ్గిపెట్టెలు. ఒకే రకానివి సేకరిస్తే అన్నీ ఒకే కొలత. తేలిక కాబట్టి ఇసుక నింపి అంటించాలి. అంటించిన చోటు ఊడకుండా తరచూ చూసుకోవాలి.

భద్రత

మూడేళ్ల లోపు పిల్లలున్న చోట నోట్లో పట్టే ముక్కలు ఉండకూడదు. అంతర్జాతీయ పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువును ప్రమాదకరంగా లెక్కిస్తారు. భారతదేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. రంగు వేసిన బ్లాకులు కొనేటప్పుడు దాన్ని చూడాలి, ఎందుకంటే నాసిరకం రంగుల్లో సీసం ఉండవచ్చు. చెక్కముక్కలను నీళ్లలో నానబెడితే ఉబ్బి కొలత తప్పుతాయి. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. పేడు లేచిన ముక్కను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడవచ్చు, చీలిక పడ్డదాన్ని తీసేయాలి. గోపురం కట్టే పిల్ల భుజం ఎత్తు దాటనివ్వకపోవడం, ముక్కలు విసరనివ్వకపోవడం అన్న రెండు నియమాలు చాలా తరగతులకు సరిపోతాయి.